నాదం ఎవరి సొత్తు? ఓరుగల్లు గ్రంథాలు, సంగీత పత్రికల ధర్మం

సంగీతాన్ని ఉపాసనగా ఎంచే సమాజంలో సంగీత గ్రంథాన్ని గానీ పత్రికను గానీ వెలువరించే సంస్థకు ఆ సంగీతంపై ఎటువంటి అధికారం ఉంటుందన్నది నిజానికి తాత్త్విక ప్రశ్నే అయినా, కాగితం, అచ్చు, పంపిణీ వంటి లౌకిక వ్యవహారాల చాటున ఉండడం వల్ల దానిని వ్యాపార విషయంగా చర్చించి వదిలివేయడం పరిపాటి అయింది. ప్రచురణకర్త నాదానికి యజమానా, కొలువు చేసే సేవకుడా, లేక ఆలయ ఆస్తి తనది కాదని తెలిసి దానిని కాపాడే ధర్మకర్త వంటివాడా అన్న విచారణకు వరంగల్ ప్రాంతం ఎంతో అనువైన చోటు. కాకతీయుల కాలం నుంచి పదిహేనో శతాబ్దం దాకా ఈ నగరంలోనూ, దీని చుట్టుపక్కల గ్రామాలలోనూ పుట్టిన కొన్ని రచనలు, గ్రంథం ఎవరికి అంకితం కావాలన్న ప్రశ్నకు పరస్పరం పొసగని సమాధానాలు ఇచ్చాయి. ఇప్పటి పెద్ద పత్రికా సంస్థలను, అవి నడిపే సంగీత పత్రికలను పోల్చి చూడడానికి కావలసిన గీటురాయి ఆ రచనలలోనే ఉంది.

ముందుగా నాదమంటే ఏమిటో సంప్రదాయం చెప్పిన మాటను గుర్తు చేసుకోవాలి. కాకతి గణపతిదేవునికి సమకాలికుడైన దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో శ్రీకరణాధిపతిగా, అంటే రాజ్యపు లెక్కల పై అధికారిగా పనిచేసిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో నాదాన్ని ఆహతమని, అనాహతమని రెండు విధాలుగా విభజించాడు. ఒక వస్తువు మరొక వస్తువును తాకడం వల్ల పుట్టి చెవికి వినిపించేది ఆహత నాదం. ఏ తాకిడీ లేకుండా యోగి అంతరంగంలో మాత్రమే అనుభవానికి వచ్చేది అనాహత నాదం. అనాహతం ముక్తినిస్తుంది గాని లోకాన్ని రంజింపజేయదని, ఆహతం లోకాన్ని రంజింపజేస్తూనే సంసారాన్ని దాటించగలదని ఆయన అభిప్రాయం. సంగీతశాస్త్రమంతా ఈ రెండో మాట మీదే నిలబడి ఉంది. వినోదానికీ మోక్షానికీ మధ్య గోడ లేదని ఒప్పుకున్న తరువాతే రాగాన్ని, తాళాన్ని, వాద్యాన్ని ఇంత సూక్ష్మంగా వర్ణించవలసిన అవసరం ఏర్పడింది. ఈ గ్రంథానికి సంగీతసుధాకరమనే వ్యాఖ్య రాసిన సింహభూపాలుడు రాచకొండను ఏలిన రేచెర్ల సింగభూపాలుడేనని పండితులు చెబుతారు; అది నిజమైతే నాదశాస్త్రానికి తెలంగాణ నేల ఇచ్చిన కానుకలలో ఆ వ్యాఖ్య ముందు వరుసలో నిలుస్తుంది.

శబ్దం నిత్యమా, కార్యమా అన్న పాత వాదం కూడా ఈ విచారణకు అవసరమే. శబ్దం ఎప్పుడూ ఉన్నదేనని, ఉచ్చారణ దానిని పుట్టించదని, ఉన్నదానిని వ్యక్తం చేస్తుందని మీమాంసకులు వాదించారు. ప్రయత్నం వల్ల పుట్టి మరుక్షణంలో నశించే గుణమే శబ్దమని, అందువల్ల అది అనిత్యమని నైయాయికులు ప్రతివాదం చేశారు. ఈ రెండు పక్షాలనూ ప్రచురణకు అన్వయిస్తే ఆసక్తికరమైన సంగతి తేలుతుంది. మీమాంసకుల మాట నిజమైతే, ఒక కృతిని స్వరపరచి అచ్చువేసినవాడు అంతకు ముందే ఉన్నదానికి వెలుగు చూపాడు తప్ప దానిని సంపాదించుకోలేదు. నైయాయికుల మాట నిజమైతే, పాడిన ప్రతిసారీ కృతి కొత్తగా పుడుతుంది కాబట్టి అచ్చయిన పుట మీద ఉన్నది సంగీతమే కాదు, గడిచిపోయిన ఒక గానానికి గుర్తు మాత్రమే. ఏ దారిన వెళ్లినా నాదం ప్రచురణకర్త సొత్తు కాదన్న నిర్ణయానికే చేరవలసి వస్తుంది. కాగితం మీద, శ్రమ మీద, పెట్టుబడి మీద అతనికి ఉన్న హక్కును ఈ వాదం కాదనదు. ఆ హక్కు పుట దగ్గరే ఆగిపోతుందని మాత్రం చెబుతుంది.

పుట దగ్గర ఆగిపోయే ఆ అధికారాన్ని తెలుగు కవులు అచ్చుయంత్రం రాకముందే మరొక రూపంలో ఎరుగుదురు. గ్రంథాన్ని అంకితం పుచ్చుకుని కవిని పోషించేవాడిని కృతిభర్త అంటారు. గ్రంథం ఎవరి చేతిలో పెట్టబడుతుందో అన్న అంశం గ్రంథంలో ఏముంటుందో అన్న అంశాన్ని ఎంతవరకు శాసిస్తుందో చూడడానికి ఓరుగల్లులో రెండో ప్రతాపరుద్రుని ఆస్థానంలో ఉన్న విద్యానాథుని ప్రతాపరుద్రీయం తిరుగులేని ఉదాహరణ. అది అలంకారశాస్త్ర గ్రంథం, అంటే కావ్యానికి అందం ఎలా కలుగుతుందో వివరించే శాస్త్రం; అయితే అందులో లక్షణాలకు ఇచ్చిన ఉదాహరణ శ్లోకాలన్నీ ప్రతాపరుద్రుని కీర్తికే అంకితమయ్యాయి. శాస్త్రం చెడలేదు. శతాబ్దాల పాటు విద్యార్థులు దానిని పాఠ్యగ్రంథంగా చదివారు. కాని ఉదాహరణలన్నీ పోషకుని చుట్టూ తిరగడం వల్ల, కావ్యప్రపంచం ఒక్క రాజు నీడలో ఇమిడేంత చిన్నదన్న భ్రమ పాఠకునికి కలుగుతుంది.

గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప 1253-54 ప్రాంతంలో పూర్తి చేసిన నృత్తరత్నావళి కూడా రాజాశ్రయంలో పుట్టినదే. దివిసీమకు చెందిన అయ్య వంశీయుడైన జాయప ప్రతిభను చిన్నతనంలోనే గుర్తించిన గణపతిదేవుడు అతనికి గుండామాత్యుని వద్ద చదువు చెప్పించి, అతని సోదరీమణులు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. పోషకునితో ఇంత దగ్గర బంధుత్వం ఉన్న రచయిత నుంచి విద్యానాథుని బాటనే ఎవరైనా ఆశిస్తారు. జాయప అలా చేయలేదు. ఎనిమిది అధ్యాయాలలో సగభాగాన్ని భరతుని నాటి నుంచి శాస్త్రబద్ధంగా వస్తున్న మార్గ నృత్తానికి కేటాయించి, మిగిలిన సగాన్ని ఆయా ప్రాంతాల జనం తమ ఆచారం ప్రకారం ఆడే దేశి నృత్తాలకు ఇచ్చాడు. పేరణి, ప్రేంఖణం, రాసకం, కందుకం వంటి రూపాలు ఆ గ్రంథంలో గౌరవస్థానం పొందాయి. రాజు సొమ్ముతో బతికే శాస్త్రకర్త తన గ్రంథంలో సగాన్ని జనానికి అప్పగించడం చిన్న విషయం కాదు. పోషణ ఎప్పుడూ సంకెల కానక్కరలేదని అది నిరూపిస్తుంది.

పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు రాజును అసలు లెక్కలోకే తీసుకోలేదు. శివభక్తుల గోష్ఠియే ఆయనకు పోషకుడు, శ్రోత, విమర్శకుడు కూడా. చదువుకోవడానికి కంటే పాడుకోవడానికే ఎక్కువ అనువైన ద్విపదను ఆయన కావ్యఛందంగా ఎంచుకున్నాడు. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల గానాన్ని, వాద్యాలను, ఆటలను వర్ణిస్తూ తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు అని నాటి జనం పాడుకున్న పాటల రకాలను పేరుపేరునా చెప్పాడు. తెలుగు సంగీత చరిత్రకు ఇంత విలువైన ఆధారం రాజసభలో కాక యాత్రికుల గుంపులో దొరకడం గమనించదగినది. పాలకుర్తికి చేరువలోని బమ్మెర గ్రామస్థుడైన పోతన తన భాగవతాన్ని నరులకు ఇవ్వనని దైవానికే సమర్పించాడన్న కథ అందరికీ తెలిసిందే కాబట్టి దానిని ఇక్కడ విస్తరించనక్కరలేదు.

రాజుకు, జనానికి, భక్తబృందానికి, దైవానికి ఇలా వేర్వేరుగా సాగిన సమర్పణలను మనసులో ఉంచుకుని చూస్తే, పాశ్చాత్య సంగీత పత్రికల చరిత్ర కొత్త అర్థాన్ని సంతరించుకుంటుంది. 1894లో అమెరికాలోని సిన్సినాటిలో గోడపత్రికలు అంటించే వ్యాపారుల కోసం మొదలైన బిల్‌బోర్డ్ క్రమంగా రికార్డుల అమ్మకాల పట్టికలకు పేరుపొందింది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యువతరం తిరుగుబాటు గొంతుగా పుట్టిన రోలింగ్ స్టోన్ పాటను రాజకీయంగా, జీవనదృష్టిగా చదవడం నేర్పింది. పుట్టుకలో ఇంత భిన్నమైన ఈ రెండూ ఇప్పుడు పెన్స్కే మీడియా అనే ఒకే సంస్థ గొడుగు కిందికి చేరాయి. బ్రిటన్‌లో 1952లో వెలసి అదే ఏడాది ఆ దేశపు తొలి పాటల అమ్మకాల పట్టికను ప్రకటించిన ఎన్‌ఎంఈ అచ్చు ప్రతి 2018లో ఆగిపోగా, మరుసటి సంవత్సరం ఆ పేరు సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ చేతికి వెళ్లింది. జర్మనీలోని హాంబర్గ్ కేంద్రంగా ఉన్న బావర్ సంస్థ 2008లో ఎమాప్ నుంచి క్యూ, మోజో పత్రికలను కొనుగోలు చేసి, 2020లో కరోనా కాలంలో క్యూను మూసివేసి, మోజోను కొనసాగించింది. 1923లో రచయిత కాంప్టన్ మెకంజీ స్థాపించిన గ్రామఫోన్ శాస్త్రీయ సంగీత రికార్డుల విమర్శకు అంకితమైన పత్రిక. అది కూడా హేమార్కెట్ చేతికి, అక్కడి నుంచి 2013లో మార్క్ అలెన్ సంస్థకు మారింది.

ఈ పేర్ల జాబితాలో తప్పుపట్టవలసినది వ్యాపారం కాదు. ఆ పత్రికలలో కొన్ని గొప్ప విమర్శకులను తయారుచేశాయి, మరుగునపడిన గాయకులను వెలికితీశాయి. ఆలోచించవలసింది వేరొకటి ఉంది. అక్కడ పత్రిక పేరే కొనుగోలు చేయదగిన ఆస్తి. దానితో పాటు పాఠకుని నమ్మకం కూడా ఒక యజమాని నుంచి మరొక యజమానికి చేతులు మారుతుంది. మోజోకూ క్యూకూ యజమాని ఒకరే అయినప్పుడు ఒకటి బతకడానికీ మరొకటి ఆగిపోవడానికీ కారణం వాటిలోని సంగీతజ్ఞానం కాదు, లాభనష్టాల లెక్క. ఆ లెక్కకు కట్టుబడిన సంస్థను నిందించడం న్యాయం కాకపోవచ్చు గాని, ఆ లెక్కే నాదానికి ప్రమాణమని ఒప్పుకోవడం మాత్రం అసాధ్యం. విద్యానాథుని గ్రంథంలో ప్రతాపరుద్రుడు ఉన్న స్థానంలో ఇక్కడ ప్రకటనదారు, అమ్మకాల పట్టిక ఉన్నాయి.

భారతదేశంలో సంగీత ప్రచురణ మరొక దారి పట్టింది. 1892లో మద్రాసులో ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలో రాసి భాగాలు భాగాలుగా, పత్రిక పద్ధతిలో వెలువరించసాగాడు. ఆయన క్రైస్తవుడు. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన విద్వాంసుల నోట కృతులను విని, ఒక్కొక్క స్వరాన్నీ తూచి రాసుకున్నాడు. రామభక్తి నిండిన కృతులను మరొక మతస్థుడు ఇంత శ్రద్ధతో కాపాడడంలో ఉన్న ధర్మాన్ని మతచర్చలు తరచుగా పట్టించుకోవు. నాదం తనను సేవించేవాని కులమతాలను అడగదన్న మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు. ఆయన ప్రేరణతోనే, ఎట్టయపురం సంస్థానాధీశుని అండతో, సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో ప్రకటించారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులను, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం, ఊగడం, విరవడం వంటి గమకాలకు వేర్వేరు గుర్తులతో సహా ఆ బృహద్గ్రంథం భద్రపరిచింది. తమిళనేల మీద, సంస్కృత కృతులతో నిండి, తెలుగు అక్షరాలలో వెలువడిన ఆ గ్రంథానికి ఏ ఒక్క ప్రాంతమూ యజమాని కాలేదు.

తెలుగు పత్రికా సంస్థలలో ఈ ధర్మాన్ని పూర్తిగా గ్రహించినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, దాని లాభాలతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చి, 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించిన ఆయన, పత్రికకు పోషణ పత్రిక అమ్మకాల నుంచే రావాలన్న నియమం పెట్టుకోలేదు. తలనొప్పి మందు మీద వచ్చిన సొమ్ము సాహిత్యానికి, శాసనపరిశోధనకు, సంగీత చర్చకు అన్నం పెట్టింది. ఆయన ఆంధ్రగ్రంథమాల పక్షాన పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో 1926లోనూ, పండితారాధ్య చరిత్ర చిలుకూరి నారాయణరావు పీఠికతో 1939లో, నాగేశ్వరరావు గతించిన మరుసటి సంవత్సరమూ వెలువడ్డాయి. రాజును లెక్కచేయని ఓరుగల్లు ప్రాంతపు కవికి ఏడు వందల ఏళ్ల తరువాత దొరికిన పోషకుడు, తన పేరు గ్రంథంలో కీర్తింపబడాలని కోరని వ్యాపారి కావడం ఎంతో సముచితంగా ఉంది. లాభం ఒకచోట సంపాదించి ధర్మం మరొకచోట నెరవేర్చే ఆ పద్ధతికి సాటి రాగలది తెలుగు ప్రచురణ చరిత్రలో అరుదు.

తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురణలది ఇంకొక స్వభావం. సప్తగిరి మాసపత్రికను, అన్నమాచార్య సంకీర్తన సంపుటాలను వెలువరించే ఆ సంస్థ ప్రకటనదారు మీద ఆధారపడదు. భక్తుని కానుకే దాని మూలధనం, కాబట్టి సమర్పణ మొదటే పూర్తయి ఉంటుంది. ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు ఉండిపోయిన రాగిరేకుల నుంచి వేలాది సంకీర్తనలు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషితో అచ్చులోకి వచ్చాయి. అయితే ఆ రేకులు నేర్పే పాఠం కఠినమైనది. ప్రతి సంకీర్తన పైనా రాగం పేరు ఉంది, కింద సాహిత్యం ఉంది, స్వరం మాత్రం లేదు. రాగి చెక్కుచెదరకపోయినా, అన్నమయ్య పాడిన వరస గొంతు నుంచి గొంతుకు అందే పరంపర తెగిన చోటే ఆగిపోయింది. ఇప్పుడు వినిపించే వరసలలో చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. లోహం మీద చెక్కినా నాదం నిలవలేదంటే, కాగితం మీద నిలుస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

విద్యాసభలు, కళాభిమానులు నడిపిన పత్రికలు ఈ ప్రశ్నకు కొంత జవాబు ఇచ్చాయి. 1930 నుంచి వెలువడుతున్న మద్రాసు సంగీత అకాడమీ పత్రిక, 1935లో హాథ్రస్‌లో సంగీత కార్యాలయం ప్రారంభించిన హిందీ మాసపత్రిక సంగీత్, 1983లో ఎన్. పట్టాభిరామన్ చెన్నైలో స్థాపించిన శ్రుతి ఆ కోవలోవి. వీటిలో హాథ్రస్ పత్రిక ప్రత్యేకంగా చెప్పుకోదగినది. రాగాలను, బందిష్‌లను స్వరలిపితో సహా చిన్న పట్టణాల విద్యార్థుల చేతిలో పెట్టి, గురువు అందుబాటులో లేనివారికి కనీసం దారి చూపింది. తెలుగులో సంగీత చర్చ ఎక్కువగా సాహిత్య మాసపత్రికలలోనూ, సినిమా పాట సినిమా వారపత్రికలలోనూ తలదాచుకున్నాయి. పాట పాపులర్ అయిన తెలుగునాట, పాటను శాస్త్రంగా చర్చించే పత్రికకు స్థిరమైన ఇల్లు ఏర్పడకపోవడం విచారించదగిన విషయం.

ప్రచురణకు పరీక్ష ఒక్కటే: అచ్చయినది తిరిగి గొంతులోకి, దేహంలోకి వచ్చిందా? నృత్తరత్నావళి ఈ పరీక్షలో నెగ్గింది. వి. రాఘవన్ సంస్కరణతో 1965లో మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం దానిని ప్రకటించింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెలుగులోకి తెచ్చారు. ఆ గ్రంథంలోని వర్ణనలను, 1213లో రేచెర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్ప గుడి శిల్పాలను పక్కపక్కన పెట్టి చదివిన నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆ పునరుద్ధరణలో ఎంత పాతదో, ఎంత కొత్త కల్పనో అన్న సందేహం పండితులకు ఉండవచ్చు, ఉండాలి కూడా. అయినా యువకులు ఆ నృత్తాన్ని నేర్చుకుంటున్నారన్నది కళ్లెదుట ఉన్న సత్యం. జాయప రాశాడని చెప్పే గీతరత్నావళి, వాద్యరత్నావళి మాత్రం దొరకలేదు. కాకతీయుల నాటి నృత్తం గురించి తెలిసినంత వివరంగా వారి గానం గురించి తెలియకపోవడానికి అదొక కారణం.

సోమనాథుడు పేర్కొన్న పదాల రకాలకు వారసులు వరంగల్ పల్లెలలో ఇప్పటికీ ఉన్నారు. ఒగ్గుకథకులు, శారదకాండ్రు, బతుకమ్మ పాటలు పాడే స్త్రీలు ఏ రాజుకూ, ఏ పత్రికా సంస్థకూ చెందకుండా తమ వరసలను నిలుపుకుంటున్నారు. ఈ ప్రాంతంలోనే జన్మించిన బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన 1958లో గ్రంథంగా వచ్చి సాహిత్యాన్ని కాపాడింది. స్వరం కాపాడవలసిన పని ఇంకా మిగిలే ఉంది. 1904లో హనుమకొండలో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, వరంగల్‌లోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఒకే నగరంలో ఉన్నాయి. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి వంటి పల్లె నుంచి నిజాం పాలనలో తెనుగు పత్రికను నడపగలిగినప్పుడు, ఇన్ని సంస్థలున్న నగరం ఒక సంగీత పత్రికను నడపలేకపోవడానికి సాకు లేదు. ప్రకటనదారును గానీ ప్రభుత్వాన్ని గానీ కృతిభర్తగా చేసుకోకుండా, ప్రతి సంచికలో ఈ ప్రాంతపు పాటలను స్వరలిపితో, పాడినవారి పేరుతో, వారి అనుమతితో అచ్చువేసి, ఆ పాటలను కళాశాల విద్యార్థుల చేత పాడించే ఒక త్రైమాసిక పత్రికను ఈ సంస్థలు కలిసి ప్రారంభించాలి. పాడే వృద్ధులు బతికి ఉన్న కాలంలోనే ఆ పని మొదలుకావాలి.